బెత్తెడు వంగని మోకాలు

ఆ చలికాలం నేను కూర్చోలేకపోయాను. నిలబడగలిగేవాణ్ణి, పడుకోగలిగేవాణ్ణి, చంకలో కర్ర పెట్టుకుని పది అడుగులు వేయగలిగేవాణ్ణి. కూర్చోవడం ఒక్కటే కుదిరేది కాదు. కుడికాలు తొడ మధ్య నుంచి చీలమండ దాకా వెదురు బద్దల నడుమ బిగిసిపోయి, రోకలిలా ముందుకు చాచుకుని ఉండేది. అన్నం తినాలంటే గోడకు ఒరిగి పళ్లెం పొట్ట మీద పెట్టుకునేవాణ్ణి. చెంబు పట్టుకుని బయటికి పోవాలన్నా అమ్మ భుజం కావాలి. ఇరవై రెండేళ్ల మనిషికి అది ఎంత కష్టమో ఇంతకంటే రాయను.

మాది భువనగిరి వైపు ఒక నేతగాళ్ల పల్లె. నాయిన నా చిన్నప్పుడే పోయాడు. ఇంట్లో ఉన్నది అమ్మ, నేను, ఒక గుంట మగ్గం. మగ్గం తెలియనివాళ్ల కోసం చెబుతాను. నేలలో గుంట తవ్వుతారు. నేతగాడు దాని అంచున కూర్చుని, కాళ్లు లోపలికి వేలాడదీసి, అడుగున ఉన్న రెండు చెక్కలను ఒకదాని తర్వాత ఒకటి తొక్కుతూ నేస్తాడు. మోకాలు వంగనివాడికి ఆ గుంటలో పని లేదు. నాకు నేత తప్ప మరో పని రాదు.

నలభై ఎనిమిదిలో నిజాం మీదికి సైన్యం వచ్చిన పోలీస్ చర్యకు నెల రోజుల ముందు రజాకార్లు మా ఊరి మీద పడ్డారు. ఇళ్లు తగలబెట్టారు. మా ఇంటితోపాటు మగ్గం కాలిపోయింది. నూలు మూట తీసుకుని దొడ్డిదారిన పోతున్న నన్ను పట్టుకుని, తుపాకి వెనక కర్రతో మోకాలి కింద కొట్టారు. ఎముక విరిగింది. పక్క ఊళ్లో కట్లు కట్టే మనిషి ఒకడు ఉండేవాడు. కోడిగుడ్డు సొన, మినప్పిండి కలిపి పట్టించి, గుడ్డ చుట్టి, వెదురు బద్దలు పెట్టి కట్టాడు. నలభై రోజులకు తానే వచ్చి విప్పుతానన్నాడు. నలభై రోజులు గడిచేలోపు ఆ ఊరూ ఖాళీ అయింది. ఆ మనిషి ఎటు పోయాడో చెప్పేవాళ్లు లేరు. సైన్యం వచ్చాక కూడా మా ఊరికి పోయే పరిస్థితి లేకపోయింది. ఒకరి బండి మీద, మరొకరి ఇంటి వసారాలో కాలం గడిపి, దీపావళి వెళ్లాక అమ్మా నేనూ నల్గొండ చేరాం.

నల్గొండలో మూతపడ్డ ఆముదం మిల్లు గోదామును నిర్వాసితుల క్యాంపుగా మార్చారు. గోనెపట్టాలు వేలాడదీసి కుటుంబానికి ఒక జాగా ఇచ్చారు. గోడలు, నేల, మేం కప్పుకున్న దుప్పట్లు అన్నీ ఆముదం వాసన వేసేవి. రజాకార్ల చేతిలో దెబ్బతిని వచ్చినవాళ్లు ఒక కొసన ఉండేవాళ్లం. పోలీస్ చర్య తర్వాత తమ ఊళ్లలో దెబ్బలు తిని పారిపోయి వచ్చిన ముస్లిం కుటుంబాలు రెండో కొసన ఉండేవి. చోటు చాలక నడుమ కొందరం పక్కపక్కనే పడ్డాం.

వారానికి రెండుసార్లు మిషన్ దవాఖాన నుంచి ఒక నర్సమ్మ వచ్చేది. అందరూ సిస్టరమ్మ అనేవారు. పొట్టిగా, చురుగ్గా, ఎవరినీ లెక్కచేయని మనిషి. మొదటిరోజే నా కాలు చూసి ఎన్నాళ్లయిందని అడిగింది. మూడు నెలలన్నాను. ఆమె మొహం మారిపోయింది. సంచిలోంచి కత్తెర తీసింది. వెంటనే అమ్మ నా కాలికి అడ్డంగా కూర్చుంది.

"కట్టినోడే ఇప్పాలె సిస్టరమ్మా. ఇంకొగలు ఇప్పితే ఎముక మల్ల జారుతది."

"ఆ కట్టినోడు ఏడున్నడు?"

"ఏమో. వస్తడు."

"ఎప్పుడొస్తడు? నీ కొడుక్కు మనుమలు పుట్టినంకనా?"

"ముందుగాల వాడు నడుస్తడా అని నేనడుగుతాంటె నువ్వు మనుమల దాక పోయినవేంది తల్లీ!"

సిస్టరమ్మ ఓపిగ్గానే చెప్పింది. ఎముక ఎప్పుడో అతుక్కుంది, ఇప్పుడు కట్టే కాలును పాడు చేస్తోంది, ఇంకొన్నాళ్లు ఇలాగే ఉంచితే కీలు రాయిలా అయిపోతుంది అంది. అమ్మ వినలేదు. అమ్మది మూర్ఖత్వం అని నేను ఎన్నడూ అనుకోలేదు. మా వైపు అందరి నమ్మకం అదే. కట్టిన చేతికే ఎముక ఎలా నిలిచిందో తెలుస్తుందని, ఆ చెయ్యే విప్పాలని. ఇల్లు పోయింది, మగ్గం పోయింది. మిగిలిన ఒక్క కొడుకు కాలు విషయంలో ఆమె ఎవరిని నమ్మాలి? కట్టు వదులైనప్పుడల్లా విప్పకుండా పైనుంచి తన పాత చీర పేలికలు చుట్టి బిగించేది. అలా అది నా తొడకంటే లావైంది. లోపల దురద పెడితే చీపురుపుల్ల దూర్చి గోక్కునేవాణ్ణి.

సిస్టరమ్మ కోపంగా కత్తెర సంచిలో వేసుకుని లేచింది. అప్పుడు పక్క గోనెపట్టా వెనక నుంచి పెద్దగా నవ్వు వినిపించింది.

పట్టా పక్కకు జరిపి ఒక ముసలాయన లోపలికి వచ్చాడు. అరవై దాటినా మెడ ఇంకా ఎద్దు మెడలా ఉంది. కొల్లాపూర్ వైపు ఒక ఊళ్లో తాలీంఖానా నడిపి కుర్రాళ్లకు కుస్తీ నేర్పినవాడు. కుస్తీ నేర్పే పహిల్వాన్లు బెణికిన కీళ్లు, విరిగిన ఎముకలు కట్టడం మా ప్రాంతంలో మామూలే. అతనికి రెండు విద్యలూ వచ్చు. పోలీస్ చర్య తర్వాత ఊళ్లో అతని ఇంటి మీద పడి కొట్టారు. కుడి మణికట్టు విరిగి వంకరగా అతుక్కుంది. ఆ చేతి వేళ్లు సగమే ముడుచుకునేవి. నల్గొండలో కూతురి అత్తవారింటికని వస్తే ఆ ఇంటికి తాళం ఉంది. వాళ్లు హైదరాబాదు పోయారని విన్నాడు గానీ, ఎక్కడున్నారో తెలిసే దాకా ఈ గోదాములో ఆగిపోయాడు.

"చెల్లె, కట్టినోడే ఇప్పాలన్నవు గద," అన్నాడు అమ్మతో. "నేను దీని మీదికెల్లి ఇంకో కట్టు కడ్త. అప్పుడు కట్టినోణ్ణి నేనైత. పొద్దుగాల నేనే ఇప్పుత."

అమ్మ అతణ్ణి పైనుంచి కింది దాకా చూసింది. ఆమె మనసులో ఏముందో నాకు తెలుసు. చివరికి బయటికే అనేసింది.

"నా కొడుకు కాలిరగ్గొట్టింది మీ వాళ్లు."

"అవును, మావాళ్లే. నా చెయ్యిరగ్గొట్టింది మీవాళ్లు. గిప్పుడు చెప్పు, ఈ కాలు ఎవలిది?"

అమ్మ లేచి, తన మూటలోంచి ఉతికిన చీర ముక్క ఒకటి తీసి అతని ముందు పెట్టింది. 

కుడిచేయి పని చేయదు కాబట్టి పహిల్వాన్ ఒక కొస పళ్లతో పట్టుకుని ఎడమ చేత్తో చుట్టాడు. ముడి వేయడం కుదరలేదు. "జర ఈ కొస పట్టుకో చెల్లె," అన్నాడు. అమ్మ పట్టుకుంది. ముడి ఇద్దరూ కలిసి వేశారు. సిస్టరమ్మ నడుం మీద చేతులు పెట్టుకుని ఇదంతా చూస్తూ నిలబడింది. "నేను జేస్తె పాపం, ఈయన జేస్తె పుణ్యం," అని గొణిగింది గానీ మర్నాడు తన వంతు కాకపోయినా పొద్దున్నే వచ్చింది.

విప్పితే లోపల ఉన్నది నా కాలులా లేదు. ఎండిన కందికట్టెలా, పొట్టు లేచి, తెల్లగా ఉంది. అమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. సిస్టరమ్మ ఎముక తడిమి చూసి, "బాగ అతికింది. కట్టినోడు పనోడే," అంది. ఆ మాటకు అమ్మ మొహం కొంచెం తేటపడింది.

గోదాము ముందు బస్తాలు దించే ఎత్తయిన అరుగు ఉండేది. నన్ను దాని అంచున కూర్చోబెట్టారు. ఎడమకాలు గోడను ఆనుకుని వేలాడింది. కుడికాలు సూటిగా గాలిలో నిలబడింది. మడమకూ అరుగు గోడకూ మధ్య దూరాన్ని పహిల్వాన్ తన ఎడమ చేత్తో కొలిచి, "జానెడున్నర" అన్నాడు. అమ్మ కొలిస్తే రెండు జానలకు పైన వచ్చింది. అతని చెయ్యి అంత పెద్దది.

"పహిల్వాన్ సాబ్ జానతోని కొలిస్తె వీడు గీ వారంలనే ఉర్కుతడు," అంది అమ్మ.

ఎవరో ఒక్కరి చేత్తోనే కొలవాలని, రోజూ ఒకే వేళకు కొలిచి రాయాలని సిస్టరమ్మ పెట్టిన నియమం. గీతల పుస్తకం ఒకటి, పెన్సిలు ముక్క ఒకటి ఇచ్చింది. నేను బడిలో నేర్చింది ఉర్దూ. తెలుగు అక్షరాలు ఊళ్లో ఒక పెద్దమనిషి దగ్గర పట్టుబట్టి నేర్చుకున్నాను. ఆ పుస్తకంలో మొదటి పేజీ ఇలా ఉంది: "అమ్మ చేత్తో రెండు జానలు, రెండు వేళ్లు. నొప్పి ఎక్కువ." తర్వాత యాభై ఏళ్లకు పైగా ఏటా ఒక డైరీ రాశాను. చేనేత సహకార సంఘంలో గుమాస్తాగా ఉన్నప్పుడు నా రాతకోతలను అందరూ మెచ్చుకునేవారు. ఆ అలవాటు అరుగు మీద మొదలైందని ఎవరికీ చెప్పలేదు.

పహిల్వాన్, సిస్టరమ్మ ఇద్దరూ నా మోకాలి మీద పని మొదలుపెట్టారు. పొద్దున వేయించిన ఇసుక గుడ్డలో మూటకట్టి కాపడం. తర్వాత ఆముదంతో మర్దన. ఆ గోదాములో దానికి కొదవ లేదు. పీపాల అడుగున మిగిలిన మడ్డి నూనె గీకి తెచ్చేవాళ్లం. ఆ తర్వాత అరుగు అంచున కూర్చోబెట్టి, ఒక మట్టి ముంతలో ఇసుక పోసి, ఆ ముంతను చీలమండకు వేలాడదీసేవాడు పహిల్వాన్. ఆ బరువు కాలును మెల్లగా కిందికి లాగాలి. మూడు రోజులకు ఒకసారి పిడికెడు ఇసుక కలపాలి. సిస్టరమ్మ తొడ కండరం బిగించి వదలడం నేర్పింది. ఆమె చెప్పింది అతనికి నచ్చేది కాదు, అతను చేసేది ఆమెకు నచ్చేది కాదు.

"పహిల్వాన్ సాబ్, ఇది కుస్తీ కాదు. వాణ్ణి పడగొట్టకు."

"కుస్తీల గూడ ముందుగాల నిలబడుడే నేర్పుతం సిస్టర్. పడగొట్టుడు ఆఖరికి."

పుస్తకంలో అంకెలు తగ్గుతూ వచ్చాయి. రెండు జానలు. జానెడున్నర. జానెడు. ఆ రోజుల్లోనే సహాయ సంఘం వాళ్లు వచ్చి, నేత కుటుంబాల కోసం గోదాము వెనక షెడ్డులో నాలుగు గుంట మగ్గాలు పెట్టిస్తామన్నారు. నేతవాళ్లం పది కుటుంబాల పైనే ఉన్నాం. ముందు పేరు రాయించినవాళ్లలో, సంక్రాంతి తర్వాత వచ్చే అమావాస్య నాటికి ఎవరింట్లో మగ్గంలో కూర్చుని నేసే మనిషి ఉంటే వాళ్లకే మగ్గం. లేనివాళ్లకు బండలు కొట్టే పని చూపిస్తామన్నారు. మా ఇళ్లలో ఆడవాళ్లు మగ్గంలో కూర్చోరు. అమ్మ నావైపు చూడకుండా మా పేరు రాయించింది. బండలు కొట్టే పని నేను చేయలేను. చేస్తే అమ్మే చేయాలి.

ఆ తొందరలో తప్పు చేశాను. పహిల్వాన్ లేని సమయం చూసి ముంతలో ఇసుక నిండా పోసి, రెండు పూటలు అలాగే వేలాడదీశాను. మర్నాటికి మోకాలు గుమ్మడికాయలా వాచింది. పుస్తకంలో జానెడు మీద మళ్లీ నాలుగు వేళ్లు ఎక్కాయి. సిస్టరమ్మ ఏడు రోజులు ముంత ముట్టొద్దంది. పహిల్వాన్ నన్ను తిట్టలేదు. ముంతలోని ఇసుకంతా నా ముందు నేల మీద పోసి, ఒక్కొక్క పిడికిలి లెక్కపెట్టి మళ్లీ నింపాడు. మూడో పిడికిలి దగ్గర ఆపి, "నీ కాలికి గింతే ఎరుక బేటా. దానికి అమావాస్య తెల్వది," అన్నాడు.

ఆ ఏడు రోజులు ఊరికే పడుకుని ఉండగా అతని చెయ్యి చూశాను. ఎప్పుడూ దుప్పటి కింద దాచుకునేవాడు. సిస్టరమ్మ పిసకమని గుడ్డ ఉండ ఇస్తే, చిన్నపిల్లల ఆట అని పక్కన పడేశాడు. నా కాలు గురించి అంత తెలిసినవాడు తన చెయ్యి గురించి ఎందుకలా ఉన్నాడో నాకు అర్థం కాలేదు. ఆ చేత్తో నలభై ఏళ్లు మనుషుల్ని ఎత్తాడు. అది చెంబు కూడా ఎత్తకపోవడం నలుగురిలో కనబడకూడదు అనుకున్నాడేమో.

అమ్మ మటుకు చూస్తూనే ఉంది. మగ్గాలు వస్తున్నాయని సహాయ సంఘం నూలు, రాట్నం ముందే ఇచ్చింది. నేసేటప్పుడు పోగుల మధ్య అటూ ఇటూ పరుగెత్తే నాడెలో పెట్టే నూలు చుట్టను మేం కండె అంటాం. రాట్నం తిప్పుతూ కండెలు చుట్టడం మా ఇళ్లలో ఆడవాళ్ల పని. అమ్మ రాట్నం తెచ్చి పహిల్వాన్ ముందు పెట్టింది.

"నువ్వు నా కొడుకు కాలు తిప్పుతున్నవు. నేను నీ చెయ్యి తిప్పుత. పట్టుకో."

"ఇది ఆడోళ్ల పని చెల్లె."

"అవునా? అయితె నీతోని కాదు తియ్యి. గీ పనికి మస్తు బలం గావాలె."

పహిల్వాన్ నవ్వాడు. వేళ్లు రాట్నం పిడిని పట్టుకోలేకపోతే అమ్మ పేలికతో వేళ్లను పిడికి కట్టింది. మొదటిరోజు నాలుగు చుట్లకే చెమటలు పట్టాయి. దారం చిక్కుపడింది, తెగింది. చుట్టుపక్కల ఆడవాళ్లు చూడడానికి వచ్చి కూర్చున్నారు. "పహిల్వాన్ సాబ్, నూలు పోగు నిన్ను గెలిచింది గద," అని ఒకామె అంటే, "మొదటి పట్టు దానిదే, రెండోది నాది," అన్నాడు. మూడో వారానికి పేలిక అవసరం లేకుండా పిడి పట్టుకున్నాడు. అతని కండెలు వదులుగా, అడ్డదిడ్డంగా ఉండేవి. అమ్మ వాటిని తీసి పారేయలేదు. వేరే గంపలో వేసి పెట్టింది.

అమావాస్య దగ్గర పడింది. పుస్తకంలో ఇప్పుడు బెత్తెడు మిగిలింది. బెత్తెడంటే నాలుగు వేళ్ల వెడల్పు. అక్కడ ఆగిపోయింది. కాపడం పెట్టినా, మర్దన చేసినా, ముంత వేలాడదీసినా మడమ గోడకు బెత్తెడు దూరంలో నిలిచిపోయింది. పది రోజులు వరుసగా ఒకే మాట రాశాను. సిస్టరమ్మ మోకాలు నాలుగువైపులా తడిమి, అమ్మతో మెల్లగా చెప్పింది. ఇక ఇంతే కావచ్చు, మూడు నెలల కట్టు తాలూకు బిగువు ఇంత మిగిలింది, ఇదే గొప్ప అంది. అమ్మ ఆ పూట అన్నం తినలేదు. కట్టు విప్పనివ్వకుండా అడ్డం కూర్చున్నది తనే అని ఆమె నాతో అనలేదు. నేనూ అనలేదు.

మగ్గాలు చూడడానికి సహాయ సంఘం వాళ్లు మర్నాడు వస్తారనగా, మధ్యాహ్నం అమ్మ, పహిల్వాన్, నేను షెడ్డులోకి పోయాం. కొత్తగా తవ్విన గుంటలో ఎర్రమట్టి ఇంకా తడిగా ఉంది. అంచున కూర్చుని కాళ్లు లోపలికి దించాను. ఎడమపాదం చెక్క మీద సరిగ్గా పడింది. కుడిపాదం చెక్క దాటి బెత్తెడు ముందు నేల మీద పడింది. వెనక్కి లాగాను. రాలేదు. తొడ పట్టుకుని లాగాను. మోకాలు కలుక్కుమంది. అమ్మ గుంట అంచున కూలబడింది.

పహిల్వాన్ మగ్గాన్ని దగ్గరగా చూడడం అదే మొదటిసారి. వంగి గుంటలోకి చూశాడు. నా కాలు చూశాడు, చెక్క చూశాడు.

"ఆ చెక్క గాడనే ఉండాల్నా?" అన్నాడు.

అమ్మ తల ఎత్తింది.

"దాన్ని ముంగటికి జరిపితె బట్ట రాదా?"

మేం పుట్టు నేతగాళ్లం. నాయిన మగ్గంలో, తాత మగ్గంలో ఆ చెక్క ఎక్కడ ఉండేదో అక్కడే ఉండాలని మా ఇద్దరి కళ్లూ నమ్మాయి. రెండు నెలలుగా మడమ గోడకు తగలాలని కొలుస్తూ వచ్చాం. గోడకు తగలాలని ఎవరు చెప్పారు? ఎవరూ చెప్పలేదు. అమ్మ గుంటలోకి దిగింది. కుడి చెక్కను నిలిపే మేకు పీకింది. బెత్తెడు ముందుకు కొలిచి, రాయితో కొత్తచోట దిగ్గొట్టింది. పైనుంచి వచ్చే తాడు కురచైతే తన నడుముకున్న తాడు విప్పి ముడివేసింది. "తొక్కు," అంది.

తొక్కాను. పోగులు పైకి లేచాయి. ఎడమది తొక్కాను. కిందివి పైకి, పైవి కిందికి మారాయి.

మర్నాడు సహాయ సంఘం వాళ్లు వచ్చేసరికి నేను జానెడు నేసి ఉన్నాను. వాళ్లలో పెద్దాయన చెక్క వంకరగా ఉందన్నాడు. నేతగాడి కాలును బట్టి చెక్క ఉంటుందని అమ్మ బదులిచ్చింది. పుట్టినప్పటి నుంచి తెలిసిన సంగతిలా చెప్పింది. తమ పుస్తకంలో మా పేరు ఎదుట గీత గీసుకుని వాళ్లు తర్వాతి మగ్గం దగ్గరికి పోయారు.

ఆ పూటంతా నేశాను. అమ్మ మంచి కండెలు దాచి, పహిల్వాన్ చుట్టిన గంప నా పక్కన పెట్టింది. నాడె రెండుసార్లు అటూ ఇటూ పోయేసరికి పోగు తెగేది. అమ్మ అతనివైపు చూసేది. "గిది కండెనా, పిచ్చుక గూడా?" అనేది. అతను కుడిచేత్తో దాన్ని తీసుకుని మళ్లీ చుట్టేవాడు. సిస్టరమ్మ వచ్చి నిలబడి, కాసేపు చూసి పోయింది. ఆ తర్వాత నెల తిరగకముందే కూతురి జాబు వచ్చి పహిల్వాన్ హైదరాబాదు వెళ్లిపోయాడు. మళ్లీ చూడలేదు. నా కాలు గురించి ఎవరడిగినా అతని సంగతే చెప్పాను, ఇప్పటికీ చెబుతాను.

మగ్గం మాదైన ఆ రోజు మధ్యాహ్నం అన్నానికి అమ్మ పిలిచింది. లేవబోయాను. కుడికాలు కదల్లేదు. మోకాలి కింద ఏమీ తెలియడం లేదు. భయంతో కేక పెట్టాను. అమ్మ చేతిలో గిన్నె వదిలేసి పరుగెత్తుకొచ్చింది. పహిల్వాన్ గుంటలో చెయ్యి పెట్టి నా పాదం పట్టుకుని గట్టిగా నొక్కాడు. వేయి చీమలు ఒక్కసారి కుట్టినట్టయి అబ్బా అన్నాను.

అతను గుంట అంచున కూర్చుండిపోయి, కళ్లలో నీళ్లు వచ్చేదాకా నవ్వాడు.

"ఏడ్వకు చెల్లె. తిమ్మిరెక్కింది. పొద్దటి సంది కూసున్నడు గద నీ కొడుకు."